నోరు తెరిచి నాలుక చాపమంటారు.. ఎందుకు? ప్రపంచమంతా వాడే ఆ పరీక్ష మన గుంటూరు జిల్లా డాక్టర్‌ది! మల్లంపాటి స్కోర్ అంటే ఏంటి?

రాజోలు: ఆపరేషన్‌కి ముందు రోజు మత్తు డాక్టర్ వార్డుకి వస్తారు. బీపీ, షుగర్ గురించి అడుగుతారు. ఆ తర్వాత "నోరు బాగా తెరవండి, నాలుక బయటికి చాపండి" అంటారు. టార్చ్ వేసి రెండు సెకన్లు చూసి కేస్ షీట్‌లో ఏదో అంకె రాసుకుని వెళ్లిపోతారు. జ్వరం వస్తే నాలుక చూసినట్టే ఇదీ అని చాలామంది అనుకుంటారు. కానీ డాక్టర్ చూసింది నాలుకని కాదు, నాలుక వెనకాల ఉన్న దారిని. ఆపరేషన్ బల్ల మీద మీ ఊపిరి ఆగకుండా చూసుకునే దారి అది.

అమెరికా నుంచి ఆఫ్రికా దాకా మత్తు డాక్టర్లందరూ నేర్చుకునే ఈ పరీక్ష పేరు 'మల్లంపాటి స్కోర్'. మన తెలుగు ఇంటిపేరే అది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్న డాక్టర్ శేషగిరిరావు మల్లంపాటి దీన్ని ప్రపంచానికి ఇచ్చారు. ఇంతకీ ఆయన ఏం కనిపెట్టారు? ఈ పరీక్ష ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఫెయిల్ అవుతుంది? రాజోలు, సఖినేటిపల్లి, మలికిపురం లాంటి చోట్ల ఉండేవాళ్లు దీని గురించి ఎందుకు తెలుసుకోవాలి? వివరంగా చూద్దాం.

గొంతులో గొట్టం ఎందుకు వేస్తారు?

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు మనిషి నిద్రపోవడమే కాదు, కండరాలన్నీ వదులైపోతాయి. ఊపిరి పీల్చే కండరాలు కూడా అందులో ఉంటాయి. నాలుక వెనక్కి జారి గాలి దారికి అడ్డం పడుతుంది. అందుకే నోట్లోంచి స్వరపేటిక దాటించి శ్వాసనాళంలోకి ఒక మెత్తటి ప్లాస్టిక్ గొట్టం వేస్తారు. దీన్నే ఇంట్యుబేషన్ అంటారు. కోవిడ్ టైమ్‌లో 'వెంటిలేటర్ పెట్టారు' అనే మాట ప్రతి ఇంట్లో వినిపించింది కదా? వెంటిలేటర్ మీద పెట్టిన చాలామందికి ముందు జరిగింది ఈ గొట్టం వేయడమే.

వినడానికి తేలిగ్గా ఉన్నా పని మాత్రం కష్టం. గొంతు లోపల రెండు దారులు పక్కపక్కనే ఉంటాయి. ముందు వైపు శ్వాసనాళం, దాని వెనక అన్నవాహిక. గొట్టం ముందుదాంట్లోకి వెళ్తే ప్రాణం నిలుస్తుంది. వెనకదాంట్లోకి వెళ్తే గాలి ఊపిరితిత్తుల్లోకి కాకుండా పొట్టలోకి పోతుంది. లారింగోస్కోప్ అనే పరికరంతో నాలుకని పక్కకి తోసి, ఎత్తి పట్టుకుని, స్వర తంత్రులు కంటికి కనిపించాక వాటి మధ్యలోంచి గొట్టం జారవిడుస్తారు. అవి కనిపించకపోతేనే అసలు ఇబ్బంది.

పైగా టైమ్ తక్కువ. మెదడుకి ఆక్సిజన్ అందడం ఆగిపోతే కొద్ది నిమిషాల్లోనే కోలుకోలేని నష్టం మొదలవుతుంది. అందుకే మత్తు ఇచ్చే ముందు మాస్క్ పెట్టి కాసేపు ఆక్సిజన్ పీల్చుకోమంటారు. అలా నింపుకున్న ఆక్సిజన్‌తో ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊపిరి ఆగినా దాదాపు 8 నిమిషాలు నెట్టుకురాగలడు. లావుగా ఉన్నవాళ్లకి, గర్భిణులకి, చిన్నపిల్లలకి అంత టైమ్ ఉండదు. న్యుమోనియాతో ఐసీయూలో ఉన్నవాళ్లకైతే ఇంకా తక్కువ.

అంటే గొట్టం వేయడం కష్టమయ్యే మనిషి ఎవరో మత్తు ఇవ్వకముందే తెలియాలి. 1980ల దాకా దీనికి అందరూ ఒప్పుకున్న తేలికైన పరీక్ష లేదు. మెడ పొట్టిగా ఉందా, దవడ లోపలికి ఉందా, పళ్లు ముందుకున్నాయా అని చూసి ఎవరి అనుభవంతో వాళ్లు అంచనా వేసుకునేవాళ్లు.

ఎవరీ మల్లంపాటి?

శేషగిరిరావు మల్లంపాటి 1941లో గుంటూరు జిల్లా పచ్చలతాడిపర్రులో పుట్టారు. పొన్నూరు దగ్గరి పల్లెటూరు అది. గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేసి అమెరికా వెళ్లారు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌లో మత్తు వైద్యుడిగా పనిచేశారు. హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కి అనుబంధంగా ఉన్న పెద్ద ఆస్పత్రి అది.

ఆయన ఆలోచన చాలా సింపుల్. గొట్టం వేసేటప్పుడు అడ్డం వచ్చేది ముఖ్యంగా నాలుక మొదలు. నోటి సైజుతో పోలిస్తే నాలుక మొదలు పెద్దగా ఉంటే దాని వెనకున్న స్వరపేటిక కనిపించదు. కానీ మేలుకుని ఉన్న మనిషిలో నాలుక మొదలు ఎంత పెద్దదో కొలవడం ఎలా? దాని వెనక ఏవేవి దాగిపోయాయో చూస్తే సరిపోతుంది. గుమ్మానికి అడ్డంగా ఎవరో నిలబడితే లోపల గది ఎంత కనిపిస్తోందన్నదాన్ని బట్టి ఆ మనిషి ఎంత భారీగా ఉన్నాడో చెప్పేయొచ్చు కదా, ఇదీ అంతే.

లోపల ఏం కనిపించాలి? మొదటిది కొండనాలుక. 'కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది' అని మనం సామెత చెప్పుకునేది దీని గురించే. రెండోది దానికి అటూ ఇటూ కమానుల్లా కిందికి దిగే మడతలు. మూడోది పైన ఉండే మెత్తటి అంగిలి. ఈ మూడింట్లో నాలుక మొదలు వేటిని కప్పేస్తోందన్నదే లెక్క.

1983లో కెనడా మత్తు వైద్యుల జర్నల్‌కి ఆయన ఈ ఆలోచనని ఒక చిన్న లేఖగా రాశారు. అప్పటికి అది ఊహ మాత్రమే. ఆ తర్వాత, 1985లో, సహచరులతో కలిసి పరీక్షించి చూపించిన ఫలితాలు అదే జర్నల్‌లో అచ్చయ్యాయి. పేజీలు ఆరే అయినా, మత్తు వైద్యం పుస్తకాలన్నిటిలోకీ ఎక్కిన పరిశోధన అది.

1985 పరిశోధనలో ఏం చేశారు?

ఆపరేషన్‌కి వచ్చిన 210 మందిని తీసుకున్నారు. ముందుగా కూర్చోబెట్టి, నోరు పూర్తిగా తెరిపించి, నాలుక బయటికి చాపించి చూశారు. కనిపించినదాన్ని బట్టి మూడు తరగతులుగా విడదీశారు.

* 1వ తరగతి: కొండనాలుక, పక్క కమానులు, మెత్తటి అంగిలి మూడూ కనిపిస్తాయి.
* 2వ తరగతి: కమానులు, అంగిలి కనిపిస్తాయి. కొండనాలుకని నాలుక మొదలు కప్పేస్తుంది.
* 3వ తరగతి: మెత్తటి అంగిలి ఒక్కటే కనిపిస్తుంది.

తర్వాత మత్తు ఇచ్చి గొట్టం వేసేటప్పుడు స్వరపేటిక ఎంతవరకు కనిపించిందో విడిగా రాసుకున్నారు. ఆ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. 1వ తరగతి వాళ్లలో స్వరపేటిక బాగానే కనిపించింది. 3వ తరగతి వాళ్లలో దాదాపు అందరికీ కష్టమైంది. 2వ తరగతిలో కొందరికి తేలిక, కొందరికి కష్టం. మొత్తం మీద నోట్లో కనిపించేదానికీ లోపల ఎదురయ్యే కష్టానికీ సంబంధం ఉందని తేలింది.

దీనికి మెషిన్ అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. టార్చ్ లైట్ ఉంటే చాలు. బోస్టన్‌లో ఎలా చేస్తారో రాజోలులోనూ అలాగే చేయొచ్చు. ఇంత వేగంగా అన్ని దేశాలకీ పాకడానికి అదే కారణం.

మరి 4వ తరగతి ఎక్కడి నుంచి వచ్చింది?

ఇప్పుడు కేస్ షీట్లలో 'మల్లంపాటి 4' అని కూడా కనిపిస్తుంది. అది డాక్టర్ మల్లంపాటి పెట్టింది కాదు. 1987లో బ్రిటన్‌కి చెందిన శాంసూన్, యంగ్ అనే వైద్యులు గొట్టం వేయలేకపోయిన కేసుల్ని మళ్లీ పరిశీలించారు. మెత్తటి అంగిలి కూడా కనిపించకుండా ముందున్న గట్టి అంగిలి మాత్రమే కనిపించేవాళ్లు కొందరున్నారని గమనించి నాలుగో తరగతి కలిపారు. ఈ రోజు ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడేది ఈ సవరించిన పద్ధతే. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: అంకె పెరిగేకొద్దీ గొట్టం వేయడం కష్టమయ్యే అవకాశం పెరుగుతుంది.

పరీక్ష చేసేటప్పుడు ఒక చిన్న షరతు ఉంది. నోరు తెరిచి "ఆ.." అనకూడదు. అలా అంటే అంగిలి పైకి లేస్తుంది, లోపల ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. 3 కాస్తా 2లా కనిపించొచ్చు. గొంతునొప్పికి వెళ్లినప్పుడు "ఆ.. అను" అంటారు కాబట్టి అలవాటుగా చాలామంది అనేస్తారు. మత్తు డాక్టర్ అడిగినప్పుడు మాత్రం శబ్దం చేయకుండా నోరు తెరవడమే కరెక్ట్.

కాన్పు గదిలో అంకె మారిపోతుంది!

ఈ స్కోర్ ఒకసారి రాసేస్తే జీవితాంతం అదే ఉంటుందా? ఉండదు. దీన్ని స్పష్టంగా చూపించిన పరిశోధన కూడా బ్రిగమ్ ఆస్పత్రి నుంచే వచ్చింది. డాక్టర్ భవానీశంకర్ కొడాలి బృందం 2008లో 'అనస్థీషియాలజీ' జర్నల్‌లో దీన్ని ప్రచురించింది.

వాళ్లు 61 మంది గర్భిణుల నోటి లోపలి భాగాన్ని నొప్పులు మొదలైనప్పుడు ఒకసారి, కాన్పు అయ్యాక ఒకసారి ఫోటోలు తీసి పోల్చారు. 20 మందిలో స్కోర్ ఒక మెట్టు పెరిగింది. ముగ్గురిలో రెండు మెట్లు పెరిగింది. అంటే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా, కొన్ని గంటల్లోనే గాలి దారి ఇరుకైంది. నొప్పులు తీసేటప్పుడు ఒళ్లంతా ఒత్తిడి పడుతుంది, నీరు చేరుతుంది, గొంతులోపలి కణజాలం ఉబ్బుతుంది.

మన ఊళ్లో దీని అర్థం ఏంటి? పొద్దున అడ్మిట్ అయినప్పుడు "అంతా బాగానే ఉంది" అని రాసిన కోడలికి, రాత్రి పదింటికి బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిందని అర్జెంట్‌గా సిజేరియన్ చేయాల్సి రావచ్చు. అప్పుడు పొద్దున రాసిన అంకెని నమ్మకుండా డాక్టర్ మళ్లీ నోరు తెరిపించి చూడాలి. అందుకే థియేటర్ గుమ్మం దగ్గర మత్తు డాక్టర్ రెండోసారి నోరు తెరవమంటే "పొద్దున చూశారుగా" అని విసుక్కోవద్దు. సిజేరియన్లలో ఎక్కువగా వెన్నుకి ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింద భాగానికే మత్తు ఇవ్వడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. తల్లికి గొంతులో గొట్టం వేసే అవసరమే రాకుండా చూస్తారు.

ఐసీయూలో కథ వేరు

ప్లాన్ చేసుకున్న ఆపరేషన్‌లో పేషెంట్ కడుపు ఖాళీగా ఉంటుంది, ఊపిరితిత్తులు బాగుంటాయి, చెప్పిన మాట వింటాడు. ఐసీయూలో ఇవేవీ ఉండవు. ఆయాసంతో ఉన్న మనిషిని కూర్చోబెట్టి నోరు తెరవమనడమే కష్టం. స్పృహ లేనివాళ్లకి అసలు కుదరదు. మల్లంపాటి పరీక్షకి ఉన్న పెద్ద పరిమితి ఇదే.

ఐసీయూలో గొట్టం వేయడం ఎంత రిస్కో 2021లో 'జామా' జర్నల్‌లో వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశోధన చూపించింది. 29 దేశాల్లో 2,964 మంది సీరియస్ పేషెంట్లని గమనిస్తే, గొట్టం వేసే సమయంలో కానీ ఆ వెంటనే కానీ 45.2 శాతం మందికి ఏదో ఒక పెద్ద సమస్య వచ్చింది. ఎక్కువమందికి బీపీ పడిపోయింది. 9.3 శాతం మందికి ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గింది. 3.1 శాతం మందికి గుండె ఆగింది.

అందుకే ఐసీయూ కోసం విడిగా స్కోర్లు వచ్చాయి. 2013లో ఫ్రాన్స్ వైద్యులు ఇచ్చిన 'మకోచా' స్కోర్‌లో మొత్తం 12 పాయింట్లు ఉంటాయి. అందులో మల్లంపాటి 3 లేదా 4 అయితే ఒక్కదానికే 5 పాయింట్లు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే 2. మెడ సరిగా వంగకపోవడం, నోరు తక్కువ తెరుచుకోవడం, కోమా, ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండటం, గొట్టం వేసేది మత్తు డాక్టర్ కాకపోవడం.. వీటికి ఒక్కొక్కటి చొప్పున. పచ్చలతాడిపర్రు నుంచి వెళ్లిన డాక్టర్ ఆలోచన దాదాపు 30 ఏళ్ల తర్వాత ఫ్రాన్స్ ఐసీయూల స్కోర్‌లోనూ పెద్ద వాటా తీసుకుంది.

మన దేశంలో కూడా 2016లో ఆలిండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ గైడ్‌లైన్స్ విడుదల చేసింది. పెద్దలకి, పిల్లలకి, గర్భిణులకి, ఐసీయూ పేషెంట్లకి వేర్వేరుగా ఇచ్చింది. గొట్టం వేసేటప్పుడు కూడా ముక్కు ద్వారా ఆక్సిజన్ ఇస్తూనే ఉండాలి. ఎన్నిసార్లంటే అన్నిసార్లు ప్రయత్నించకూడదు. కుదరకపోతే తర్వాత ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి. ఆ గైడ్‌లైన్స్ సారాంశం ఇది. ప్రతి ప్రయత్నానికీ గొంతు వాస్తుంది, రక్తం వస్తుంది, తర్వాతి ప్రయత్నం ఇంకా కష్టమవుతుంది.

ఈ పరీక్షని గుడ్డిగా నమ్మొచ్చా?

నమ్మకూడదు. ఈ విషయంలో పరిశోధనలు చాలా స్పష్టంగా ఉన్నాయి.

2011లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ అనస్థీషియా'లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. 55 పరిశోధనల్లోని 1,77,088 మంది వివరాలు కలిపి చూశారు. నిజంగా కష్టమైన కేసులు 100 ఉంటే మల్లంపాటి పరీక్ష ముందే పట్టుకున్నవి సుమారు 35. అంటే మిగతా 65 మందిని చూసి 'తేలిక' అనుకుంది. తేలికైన 100 మందిలో 91 మందిని తేలిక అనే సరిగ్గా చెప్పింది.

2018లో కాక్రేన్ సంస్థ ఇంకా పెద్ద సమీక్ష చేసింది. 133 పరిశోధనలు, 8,44,206 మంది. అందులో స్వరపేటిక కనిపించడం కష్టమయ్యే కేసుల్ని మల్లంపాటి పరీక్ష 53 శాతం దాకా పట్టుకుంది. అన్నిటికంటే మెరుగ్గా 67 శాతం పట్టుకున్నది 'పై పెదవి కొరికే పరీక్ష'. కింది పళ్లతో పై పెదవిని ఎంత పైదాకా కొరకగలరో చూడటమే ఆ పరీక్ష. దవడ ముందుకి ఎంత కదులుతుందో దాంతో తెలుస్తుంది. కానీ అది కూడా మూడింట ఒక వంతు కేసుల్ని వదిలేసింది.

మరి ఇంత తక్కువైతే ఇంకా ఎందుకు వాడుతున్నారు? ఒంటరిగా చూస్తే తక్కువే. మిగతా వాటితో కలిపి చూస్తే ఉపయోగం ఉంది. అందుకే మత్తు డాక్టర్ నోరు ఒక్కటే చూసి ఆగరు. నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడతాయా అని చూస్తారు. మెడ వెనక్కి వంచమంటారు. గడ్డం నుంచి గొంతు ముడి దాకా దూరం చూస్తారు. కదిలే పళ్లు, కట్టుడు పళ్లు ఉన్నాయా అని అడుగుతారు. ఇన్నీ బాగున్నా, థియేటర్‌లో కష్టం ఎదురవ్వచ్చనే అనుకుని రెండో పరికరం పక్కన పెట్టుకునే మొదలుపెడతారు. వీడియో కెమెరా ఉన్న లారింగోస్కోప్‌లు వచ్చాక పని కొంత తేలికైంది. అయినా ముందుచూపు అవసరం పోలేదు.

ఇంకో విషయం. ఈ స్కోర్ ఇప్పుడు గురక జబ్బులోనూ పనికొస్తోంది. 2006లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం మల్లంపాటి స్కోర్ ఒక్కో మెట్టు పెరిగితే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండే అవకాశం రెండింతలకి పైగా పెరుగుతుంది.

గొట్టం సరైన చోటే ఉందని ఎలా తెలుస్తుంది?

దీనికి నమ్మకమైన సాక్షి మనం వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్. గొట్టం శ్వాసనాళంలో ఉంటే ప్రతి ఊపిరికీ అది బయటికొస్తుంది. మానిటర్ మీద వరసగా గుట్టల్లా గీతలు కనిపిస్తాయి. అన్నవాహికలో ఉంటే ఆ గీత నేలకి అతుక్కుపోతుంది. ఈ పద్ధతి పేరు కాప్నోగ్రఫీ. పైన చెప్పిన డాక్టర్ కొడాలి ఎక్కువగా పనిచేసింది ఈ రంగంలోనే. 1992లో కెనడా జర్నల్‌లో ఆయన బృందం రాసిన సమీక్ష, ఆపరేషన్ థియేటర్ బయట కూడా దీన్ని వాడాలంటూ 2013లో 'అనస్థీషియాలజీ'లో ఆయన రాసిన వ్యాసం ఈ రంగంలోవాళ్లు బాగా చదివినవి.

ఇది ఎంత ముఖ్యమో బ్రిటన్‌లో జరిగిన జాతీయ ఆడిట్ చెప్పింది. 2011లో వచ్చిన ఆ రిపోర్ట్ ప్రకారం గాలి దారి సమస్యలతో ఐసీయూల్లో జరిగిన మరణాల్లో 70 శాతానికి పైగా కేసుల్లో కాప్నోగ్రఫీ వాడకపోవడం ఒక కారణం. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ కూడా ఉంటుంది కదా అనొచ్చు. కానీ ఆ క్లిప్ ఆలస్యంగా చెప్తుంది. ఒంట్లో నిల్వ ఉన్న ఆక్సిజన్ అయిపోయాకే దాని అంకె పడుతుంది. కాప్నోగ్రఫీ అయితే కొన్ని ఊపిరుల్లోనే చెప్పేస్తుంది.

రాజోలుకి ఇదంతా ఎందుకు?

రాజోలు ప్రాంతం వశిష్ట, వైనతేయ గోదావరి పాయల మధ్య ఉన్న లంక లాంటిది. పెద్ద వైద్యం కావాలంటే ఏదో ఒక పాయ దాటాలి. వైనతేయ దాటితే అమలాపురం, అక్కడ ఏరియా ఆస్పత్రి, కోనసీమ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉన్నాయి. చించినాడ వంతెన మీదుగా వశిష్ట దాటితే పాలకొల్లు, భీమవరం. ఇంకా సీరియస్ అయితే కాకినాడ జీజీహెచ్ దాకా వెళ్లాలి.

మన దగ్గర ఊపిరి ఆగే పరిస్థితులు ఏవేవి? కొబ్బరి చెట్టు మీంచి పడి మెడకి దెబ్బ తగలడం ఒకటి. అప్పుడు మెడ కదపకూడదు, కాబట్టి గొట్టం వేయడం మామూలుగా కంటే కష్టం. వరి చేలల్లో, పశువుల పాకల్లో నాగుపాము, కట్లపాము కాటు ఇంకొకటి. ఈ రెండు పాముల విషం నరాల మీద పనిచేస్తుంది. ముందు కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేరు, తర్వాత ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. అలాంటప్పుడు విషానికి విరుగుడు ఇంజెక్షన్‌తో పాటు సమయానికి పడిన గొట్టమే ప్రాణం కాపాడుతుంది. విషం ప్రభావం తగ్గేదాకా మెషిన్ ఊపిరి పోస్తే చాలామంది మామూలు మనుషులై ఇంటికొస్తారు. పురుగుల మందు తాగిన కేసుల్లోనూ ఇంతే.

కాబట్టి కనురెప్పలు వాలుతున్నాయి, మాట మారుతోంది అనిపిస్తే మంత్రం వేయిద్దామని ఆగొద్దు, పెద్ద ఆస్పత్రి దూరమని నేరుగా బయల్దేరొద్దు. 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికే ముందు వెళ్లాలి. అక్కడ ఊపిరి నిలబెట్టి, అవసరమైతే గొట్టం వేసి పంపిస్తారు. ఆటోలో నది దాటుతుండగా ఊపిరి ఆగితే పక్కనున్నవాళ్లు ఏమీ చేయలేరు.

మీరు చేయాల్సినవి ఇవే..

* పాత అనుభవం దాచొద్దు: ఇంతకుముందు ఏ ఆపరేషన్‌లోనైనా "గొట్టం వేయడం కష్టమైంది" అని డాక్టర్ చెప్పి ఉంటే అది అన్నిటికంటే పెద్ద క్లూ. ఆ మాట కాగితం మీద రాయించుకోండి. డిశ్చార్జ్ షీట్‌తో పాటు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఎక్కడ ఆపరేషన్ జరిగినా ముందు అది చూపించండి.

* ఖాళీ కడుపు అంటే ఖాళీ కడుపే: మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. మామూలుగా టిఫిన్ లాంటి తేలిక ఆహారం మానేసి 6 గంటలు, మంచినీళ్లు మానేసి 2 గంటలు గడవాలి. బిర్యానీ లాంటి బరువైన భోజనమైతే ఇంకా ఎక్కువ టైమ్ కావాలి. "నీరసంగా ఉన్నాడని ఒక్క ఇడ్లీ పెట్టాం" అనే మాట థియేటర్ గుమ్మం దగ్గరైనా సరే డాక్టర్‌కి చెప్పేయాలి.

* గుట్కా, వక్కపొడి అలవాటు ఉంటే చెప్పండి: ఏళ్ల తరబడి నమిలితే బుగ్గల లోపల గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. రెండు వేళ్లు కూడా పట్టని పరిస్థితి వస్తే గొట్టం నోట్లోంచి వేయడమే కష్టం.

* గురక సంగతి ఇంట్లోవాళ్లు చెప్పాలి: నిద్రపోయే మనిషికి తన గురక తెలియదు. పెద్దగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే పక్కనున్నవాళ్లే డాక్టర్‌కి చెప్పాలి.

* కట్టుడు పళ్లు, కదిలే పళ్లు: థియేటర్‌లోకి వెళ్లేముందు తీసేయండి. కదిలే పన్ను ఉంటే చూపించండి.

* అడగడానికి మొహమాటం వద్దు: "మాకు మత్తు ఇచ్చేది ఎవరు? గొట్టం వేయడం కష్టమయ్యేలా ఏమైనా కనిపించిందా? అలా అయితే ఏం చేస్తారు?" అని అడగొచ్చు. ఇవి డాక్టర్‌ని అనుమానించే ప్రశ్నలు కావు.

అద్దం ముందు చూసుకుని భయపడొద్దు!

ఇది చదివాక చాలామంది ఫోన్ టార్చ్ వేసుకుని అద్దం ముందు నోరు తెరుస్తారు. తప్పు లేదు. కానీ కొండనాలుక కనిపించలేదని కంగారు పడొద్దు. 3 లేదా 4 వచ్చిందంటే జబ్బు ఉన్నట్టు కాదు. ఆ అంకె ఉన్నవాళ్లలో ఎంతోమందికి గొట్టం మొదటి ప్రయత్నంలోనే పడుతుంది. 1 వచ్చిందని నిశ్చింతగా ఉండటానికీ లేదని పైన లెక్కలు చెప్తున్నాయి. ఆ అంకె డాక్టర్ జాగ్రత్త పడటానికి, అవసరమైన సామాను, రెండో డాక్టర్ సాయం ముందే సిద్ధం చేసుకోవడానికి.

ఈసారి మత్తు డాక్టర్ మీ మంచం దగ్గరికొచ్చి నోరు తెరవమంటే తొందరపడకుండా లేచి కూర్చోండి. "ఆ" అనకుండా పూర్తిగా తెరవండి, నాలుక వీలైనంత బయటికి చాపండి. మీ గురించి తెలిసినవన్నీ చెప్పండి. ఆ ఒక్క నిమిషం థియేటర్ లోపల మీ డాక్టర్‌కి చాలా టైమ్ మిగులుస్తుంది.